ఆడపిల్లల బడి గదులు అడిగే అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ, రెవెన్యూ అధికారులకు, పోటీ పరీక్షలు నిర్వహించేవారికి, ఎన్నికల విధుల్లో ఉండేవారికి, సభలకు మైదానం అడిగే నాయకులకు నమస్కారం.

గుంటూరు నగరం మధ్యలో ఉన్న ఒక పాత ప్రభుత్వ బాలికోన్నత పాఠశాలలో చదివే పిల్లల తల్లిదండ్రుల తరఫున ఈ లేఖ రాస్తున్నాను. ఆరు నుంచి పది దాకా నేనూ అక్కడే చదివాను. ఇప్పుడు మా చిన్నమ్మాయి అక్కడే తొమ్మిదో తరగతి చదువుతోంది. బడి పేరు మాత్రం రాయడం లేదు. రాస్తే రేపు సంజాయిషీ అడిగేది మా హెడ్మిస్ట్రెస్ గారినే అని తెలుసు. పైనుంచి ఆర్డరు వస్తే తాళాలు ఇవ్వడం తప్ప ఆవిడ చేతిలో ఏముంది?

ఏ పోటీ పరీక్ష పెట్టినా సెంటర్ మా బడే. పదో తరగతి పరీక్షలకూ మా బడే. ఎన్నికలొస్తే పోలింగ్ సిబ్బందికి శిక్షణ మా తరగతుల్లో, సామాను మా వరండాలో. మిగతా రోజుల్లో ఏదో ఒక శాఖ మీటింగ్, మేళా, సభ. ఎవరి పని పడినా సెలవు మాత్రం మా పిల్లలకు. దీని మీద సోమవారం అర్జీలు తీసుకునే చోట అర్జీ ఇచ్చాం. కొన్నాళ్లకు మీ సమస్య పరిష్కరించబడింది అని ఫోనుకు మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారని అడిగితే చెప్పే నాథుడు లేడు. ఆ తర్వాత వచ్చిన ఆదివారమే మళ్లీ గేటుకు పరీక్షా కేంద్రం అని ఫ్లెక్సీ కట్టారు. ఇక నలుగురి ముందూ అడగక తప్పలేదు.

పరీక్షలు పెట్టొద్దని మేం అనడం లేదు. ఆ ఉద్యోగాల కోసం ఏళ్లకేళ్లు చదివేవాళ్లు మా ఇళ్లలోనూ ఉన్నారు. పోలింగ్ వద్దనీ అనం. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినట్టు రేపు ఎక్కడైనా వరదొస్తే, బడి తలుపులు బార్లా తెరిచి నిరాశ్రయులకు అన్నం వండిపెట్టేది మేమే. మా గొడవ ఎన్నిసార్లు వాడుతున్నారు, ఎలా వాడుతున్నారు, వాడాక ఎలా వదిలేస్తున్నారు అన్నదాని గురించి.

మా బడి ఎలాంటిదో మీలో చాలామందికి తెలియదు. మీరు వచ్చేసరికి పిల్లలుండరు కాబట్టి. మామూలు రోజు ఉదయం జేగంట కొట్టగానే వేపచెట్ల కింద వరుసలు కడతారు. రెండు జడలు, మడిచి కట్టిన రిబ్బన్లు మా కాలంలో ఉన్నట్టే ఇప్పుడూ ఉన్నాయి. రోజుకో తరగతి వంతు. ఒకమ్మాయి పద్యం చదివి అర్థం చెబుతుంది, ఇంకొకమ్మాయి వార్తలు చదువుతుంది. తడబడితే టీచర్ గారు ఆపరు, చివరిదాకా చదవనిస్తారు. కుట్టు టీచర్ రిటైరై చాలా ఏళ్లయినా ఆవిడ నేర్పిన కాజాలు కుట్టే పద్ధతి పెద్ద తరగతుల నుంచి చిన్న తరగతులకు ఇంకా నడుస్తూనే ఉంది. సంక్రాంతి సెలవులకు ముందు రోజు వరండా పొడవునా ముగ్గులే. ఇక్కడ బెంచీలు మోసేదీ ఆడపిల్లలే, మైకు బిగించేదీ వాళ్లే, ల్యాబులో స్పిరిట్ దీపం వెలిగించేదీ వాళ్లే, ఖోఖో కోర్టుకు సున్నం గీతలు గీసేదీ వాళ్లే. ఈ పని మగపిల్లలకు వదిలెయ్యమ్మా అనేవాళ్లు ఇక్కడ లేరు. మా పెద్దమ్మాయి ఇవాళ నలుగురిలో నిలబడి మాట్లాడుతోందంటే అది ఈ బడి పెట్టిన భిక్షే.

ఆడపిల్లల చదువు ఈ ఊరికి కొత్త కాదు. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు 1902లోనే గుంటూరులో వితంతు శరణాలయం పెట్టారు. 1922లో ఆయనా, భార్య లక్ష్మీబాయమ్మ గారూ కలిసి ఆడపిల్లల చదువు కోసం శారదా నికేతన్ స్థాపించారు. అంతకు ముందే, 1883లో గుంటూరు వచ్చిన అమెరికన్ మిషనరీ వైద్యురాలు డాక్టర్ అన్నా సారా కుగ్లర్ మగ డాక్టరు దగ్గరికి రాలేని ఆడవాళ్ల కోసం వైద్యం మొదలుపెట్టి, 1898 నాటికి ఆసుపత్రి నిలబెట్టారు. వీళ్లందరికీ ఒక సంగతి బాగా తెలుసు. ఆడవాళ్లు ధైర్యంగా అడుగుపెట్టే చోటు ఒకటి ముందు ఉండాలి. చదువైనా, వైద్యమైనా ఆ తర్వాతే. మా బడికి అంత ఎత్తు ప్రహరీ ఉన్నదీ అందుకే. ఇప్పటికీ అడ్మిషన్ల రోజున తండ్రులు అడిగేవి మూడే ప్రశ్నలు. మగపిల్లలుంటారా, గోడ ఉందా, ఇంటికి ఎంత దూరం? పాత గుంటూరు నుంచి వచ్చే ఎంతోమంది పిల్లలు ఎనిమిదితో ఆగిపోకుండా పది దాకా వస్తున్నారంటే ఈ మూడింటికీ సరైన జవాబు దొరుకుతోంది కాబట్టే.

మీరు మా బడిని ఎంచుకునేదీ ఆ గోడ చూసే. గేటుకు తాళం వేస్తే బయటివాడు రాలేడు. గదులు పెద్దవి. ఆర్టీసీ బస్టాండు, రైల్వే స్టేషను దగ్గర. పైగా ఆడ టీచర్లు, ఆడపిల్లలు, ఎదురు చెప్పేవాళ్లుండరు. ఈ చివరి కారణాన్ని ఏ ఆర్డరులోనూ రాయరనుకోండి.

దీనివల్ల మా పిల్లలకు జరుగుతున్నది ఇదీ:

1. చదువు రోజులు పోతున్నాయి. ఆదివారం పరీక్షే కదా, బడికేం నష్టం అని మీరనొచ్చు. శనివారం మధ్యాహ్నమే "సీటింగ్ వెయ్యాలి, ఇళ్లకు వెళ్లండి" అంటారు. గోడల మీద అక్షరం కనబడకూడదని చార్టులు పీకేస్తారు. ఎనిమిదో తరగతి పిల్లలు కష్టపడి రాసుకున్న గోడపత్రికను కూడా ఒకసారి అలాగే చింపేశారు. సోమవారం వచ్చేసరికి ఆరో తరగతి చిన్న బెంచీలు పదో తరగతిలో ఉంటాయి, పదో తరగతివి వరండాలో ఉంటాయి. బెంచీల మీద అంటించిన నంబర్ల స్టిక్కర్లు గోళ్లతో గీక్కుంటూ మొదటి రెండు పీరియడ్లు గడిచిపోతాయి. ఇక మార్చి వస్తే పది పరీక్షల సెంటర్ కాబట్టి మిగతా తరగతులకు ఒంటిపూట బడి ఉదయం ఉండదు, మధ్యాహ్నానికి మారుతుంది. ఊరంతా పిల్లలు ఎండ ముదరకముందే ఇల్లు చేరుతుంటే, మా పిల్లలు ఆ ఎండలోనే బయల్దేరి బడికొస్తారు. గుంటూరు ఎండ గురించి గుంటూరులో పనిచేసే మీకు నేను చెప్పాలా? 2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు, 1,000 బోధన గంటలు ఉండాలంది. రిజిస్టరులో 220 కనిపిస్తాయి, అనుమానం లేదు. గంటలు ఎవరైనా లెక్కపెట్టారా?

2. మరుగుదొడ్లు. ఈ మాట రాయడానికి సిగ్గుపడి ఇన్నాళ్లూ ఊరుకున్నాం, ఇక ఊరుకోం. ఆడపిల్లల బడిలో ఉన్నవన్నీ ఆడపిల్లల మరుగుదొడ్లే. వందల మంది మగవాళ్లు ఒక పూటంతా వాటినే వాడితే సోమవారం ఉదయం ఎలా ఉంటాయో ఊహించుకోండి. మూలల్లో గుట్కా ఉమ్ములు, సిగరెట్ పీకలు, విరిగిన కుళాయి, న్యాప్కిన్లు వేసే డబ్బాలో ఖాళీ సీసాలు. శుభ్రం చేసేది ఒక్క ఆయమ్మ. ఆమెకు ఇచ్చే గౌరవ వేతనం నెలకు 6,000 రూపాయలు. ఆదివారం వచ్చి కడగమని ఆమెకు ఎవరూ చెప్పరు, చెప్పినా డబ్బులివ్వరు. సోమవారం ఆమె మొదలుపెట్టి పూర్తి చేసేసరికి మధ్యాహ్నం భోజనాల గంట కొడుతుంది. అప్పటిదాకా పిల్లలు బిగబట్టుకుని కూర్చుంటారు. ఈ భయానికి చాలామంది ఇంట్లో బయల్దేరేముందే నీళ్లు తాగడం మానేస్తున్నారు. మూత్రంలో మంట, జ్వరం అంటూ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లే తల్లులు మాలో ఒకరిద్దరు కాదు. నెలసరి ఉన్న పిల్లలైతే సోమవారం బడికే రారు. ప్రభుత్వం స్వేచ్ఛ పథకం కింద పిల్లకు నెలకు 10 న్యాప్కిన్లు ఇస్తూ వచ్చింది, మంచిదే. మార్చుకోవడానికి తలుపున్న గది లేకపోతే ఆ ప్యాకెట్ ఏం చేసుకోవాలి?

ఇంకొక్కటి చెప్పాలి. ఎన్నికలప్పుడు ఎవరో మా బడి మరుగుదొడ్ల తలుపుల మీద నీలం రంగుతో "పురుషులు" అని పెద్దక్షరాలతో రాశారు. ఎన్నికలు అయిపోయాయి, గెలిచినవాళ్లు గెలిచారు. ఆ అక్షరాలు మాత్రం అలాగే ఉన్నాయి. కొత్తగా ఆరో తరగతిలో చేరిన పిల్లలు ఆ తలుపు ముందు నిలబడి లోపలికి వెళ్లాలా వద్దా అని చూస్తున్నారు.

3. బెంచీల మీద రాతలు. పరీక్ష రాయడానికి వచ్చినవాళ్లలో అందరూ చెడ్డవాళ్లని అనను. కానీ ఆడపిల్లల బడి అని తెలిసి బెంచీ మీద బూతులు, ఫోన్ నంబర్లు రాసి పోయేవాళ్లు ప్రతిసారీ ఎవరో ఒకరు ఉంటున్నారు. పదకొండేళ్ల పిల్ల సోమవారం వచ్చి పుస్తకం పెట్టుకునేది ఆ బెంచీ మీదే. మా అమ్మాయి సంచిలో ఒక తడిగుడ్డ, గరుకు కాగితం ముక్క పెట్టుకుని వెళుతోంది. ఎందుకే అంటే మొదట చెప్పలేదు.

4. మిర్చి సీజన్. జిల్లా బయటి నుంచి వచ్చిన అధికారులకు ఇది తట్టకపోవచ్చు కాబట్టి వివరంగా రాస్తున్నాను. ఫిబ్రవరి నుంచి మే దాకా గుంటూరులో మిరపకాయల పని ముమ్మరంగా ఉంటుంది. తొడిమలు తీయడానికి, తాలుకాయలు ఏరడానికి ఎంత మంది ఆడకూలీలు వచ్చినా సరిపోరు. మా బడి పిల్లల తల్లుల్లో చాలామంది ఆ పనికి వెళ్లేవాళ్లే. సరిగ్గా అదే నెలల్లో మీ పరీక్షలు, శిక్షణలు వచ్చి పడతాయి. బడి లేదంటే పిల్లను ఇంట్లో ఒంటరిగా వదల్లేక తల్లి వెంట తీసుకెళుతుంది. పిల్ల ఊరికే కూర్చోదు, తనూ కాయలు తీస్తుంది. సాయంత్రానికి తల్లి కూలికి ఇంకాస్త డబ్బు కలుస్తుంది. రాత్రంతా చేతులు మండి, చల్లనీళ్ల గిన్నెలో ముంచుకుని కూర్చుంటుంది. రెండో సెలవుకు మళ్లీ వెళుతుంది. ఆ తర్వాత బడి ఉన్న రోజు కూడా, ఈ ఒక్క వారం పోనీలే అమ్మా అంటారు ఇంట్లో. చదువు మానెయ్యమని ఎవరూ నోటితో చెప్పరు. అలా అలా ఆగిపోతుంది. ఆగిపోయిన పిల్లకు సంబంధాలు చూడటం మొదలవుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి: మన రాష్ట్రంలో 20 నుంచి 24 ఏళ్ల వయసు ఆడవాళ్లలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. దేశం మొత్తం మీద అది 23.3 శాతం. బాల్యవివాహాలు ఆపాలని మా బడి గోడ మీదే పోస్టర్ అంటించారు. ఆ గోడ లోపల బడి జరిగితే సగం పెళ్లిళ్లు వాటంతటవే ఆగుతాయి.

5. అన్నం. బడి లేని రోజు మధ్యాహ్న భోజనం ఉండదు, గుడ్డు ఉండదు. రాత్రి పదింటికి వాట్సాప్ గ్రూపులో "రేపు సెలవు" అని పెడితే చూసుకునే ఫోను అందరి ఇళ్లలో లేదు. పొద్దున్నే నడిచి వచ్చి, గేటు దగ్గర పోలీసు వెనక్కి పంపితే, ఖాళీ కడుపుతో తిరిగి వెళ్లే పిల్లలున్నారు. వంట చేసే అమ్మలకు లెక్క కట్టేది తిన్న పిల్లల సంఖ్యను బట్టి. వాళ్లకూ ఆ రోజు పోయినట్టే.

6. ఆటస్థలం. సభ ఒక్క పూటే. దాని కోసం పాతిన గుంజల గుంతలు, బస్సుల చక్రాల గాళ్లు వానలు పడేదాకా ఉంటాయి. ఖోఖో స్తంభాలు పీకి పక్కన పడేశారు. టెన్నికాయిట్ కోర్టు మీద కంకర పోశారు. ఊళ్లో ఇంకెక్కడ ఆడతారు ఈ పిల్లలు? వీధిలో ఆడనిస్తారా మనవాళ్లు?

ఇక మీరు చెప్పే జవాబు కూడా మాకు తెలుసు. సెంటర్లకు భవనాలు చాలడం లేదంటారు. బ్రాడీపేట నుంచి అరండల్ పేట దాకా, ఊరి బయట హైవే వెంబడీ అంతస్తుల మీద అంతస్తులు లేపిన ప్రైవేటు కాలేజీలు ఎన్ని లేవు? లిఫ్టులున్నాయి, సీసీ కెమెరాలున్నాయి, కావలసినన్ని మగవాళ్ల టాయిలెట్లున్నాయి. వాళ్లను అడిగితే ఆదివారం కూడా మాకు క్లాసులున్నాయండీ అంటారు, మీరు సరేనని వచ్చేస్తారు. క్లాసులు వాళ్లకేనా, మాకు లేవా? ఫీజు కట్టిన పిల్లల గంట విలువైనది, కట్టలేని పిల్లల గంట ఊరికే వచ్చినట్టు లెక్క. రైతుబజారులో కొసరు వేసినట్టు మా పిల్లల రోజుల్ని ఎవరడిగితే వాళ్లకు వేసేస్తున్నారు.

చట్టం గురించి కూడా ఒక మాట. ఎన్నికలకు భవనాలు స్వాధీనం చేసుకునే అధికారం 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 160వ సెక్షన్ ఇస్తుంది, కాదనం. ఆ అధికారం ఎన్నికల వరకే. ఉద్యోగ పరీక్షకూ, శాఖల మీటింగుకూ, పార్టీ సభకూ అది వర్తించదు కదా. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు, ఈ మూడింటికి తప్ప చదువుతో సంబంధం లేని పనులకు టీచర్లను వాడొద్దంటోంది. టీచరుకు ఉన్న ఆ రక్షణ తరగతి గదికి కూడా ఇవ్వండి, చాలు.

మేం కోరుతున్నవి:

1. ఎన్నికలు, విపత్తులు, పదో తరగతి పరీక్షలు తప్ప మరే పనికీ పనిదినాల్లో బాలికల పాఠశాలల గదులు తీసుకోకూడదు. శనివారం మధ్యాహ్నం కూడా పనిదినమే.

2. ఆదివారం పరీక్షల సెంటర్ల జాబితాలో ప్రైవేటు, కార్పొరేట్ కాలేజీలను తప్పనిసరిగా చేర్చి వంతుల వారీగా ఇవ్వాలి. ఒకే బడికి వెంటవెంటనే వేయకూడదు. బాలికల బడిని సెంటర్ చేయక తప్పకపోతే మహిళా అభ్యర్థులకే కేటాయించాలి. ఈ ఒక్క పని చేసినా మా రెండో, మూడో బాధలు చాలావరకు తీరతాయి. దీనికి పైసా ఖర్చు లేదు.

3. పిల్లల మరుగుదొడ్లకు తాళం వేసి తాళంచెవి హెడ్మిస్ట్రెస్ గారి దగ్గరే ఉంచాలి. బయటివాళ్ల కోసం మొబైల్ టాయిలెట్లు తెప్పించండి. కృష్ణా పుష్కరాలకు, కోటప్పకొండ తిరునాళ్లకు తేగలిగినవాళ్లు ఒక బడికి తేలేరా?

4. సోమవారం మొదటి గంట కొట్టేలోపు గదులు, బెంచీలు, ఆవరణ శుభ్రం చేసి అప్పగించాలి. ఆ ఖర్చు అభ్యర్థుల దగ్గర వసూలు చేసిన పరీక్ష ఫీజులోంచి భరించాలి. ఆయమ్మ చేత చేయిస్తే ఆమెకు విడిగా కూలి ఇవ్వాలి. అప్పగించేటప్పుడు పేరెంట్స్ కమిటీ నుంచి ఒక తల్లి చూసి సంతకం పెట్టాలి. ఆ సంతకం లేకుండా తర్వాతి పరీక్షకు గదులు అడగొద్దు.

5. పోయిన గంటలను భోజనంతో సహా వేరే రోజుల్లో పూరించాలి. మార్చిలో మా పిల్లలకు మధ్యాహ్నం బడి వద్దు. దగ్గరలో ఖాళీగా ఉన్న ప్రభుత్వ భవనంలో ఉదయం పూటే తరగతులు పెట్టండి.

6. మైదానాన్ని ఏ పార్టీ సభకూ, పార్కింగుకూ ఇవ్వొద్దు. ఖోఖో స్తంభాలు తిరిగి పాతించండి, కంకర తీయించండి.

7. తలుపుల మీద "పురుషులు" అన్న అక్షరాలు ఈ వారంలోనే చెరిపించండి. దీనికి ఫైలు అక్కర్లేదు, ఒక రంగు డబ్బా చాలు.

8. గడిచిన మూడు విద్యా సంవత్సరాల్లో నగరంలోని ప్రతి ప్రభుత్వ, మున్సిపల్ బాలికల పాఠశాలను ఏ శాఖ, ఏ పనికి, ఎన్ని రోజులు వాడుకుందో లెక్క తీసి ఆయా బడుల గేటు దగ్గర బోర్డు మీద పెట్టండి.

ఈ లేఖకు నెల రోజుల్లో రాతపూర్వకంగా జవాబు కావాలి. పరిష్కరించబడింది అన్న మెసేజ్ మళ్లీ పంపితే దాన్ని జవాబుగా తీసుకోం. ఏమీ రాకపోతే ఎనిమిదో అంశంలో అడిగిన లెక్కను 2005 సమాచార హక్కు చట్టం కింద ప్రతి శాఖనూ విడివిడిగా అడుగుతాం. దరఖాస్తులు రాయడానికి తల్లులు సిద్ధంగా ఉన్నారు, చాలామంది ఇదే బడిలో రాయడం నేర్చుకున్నవాళ్లే.

ఇట్లు,
బాలికోన్నత పాఠశాల తల్లిదండ్రుల తరఫున
ఒక పూర్వ విద్యార్థిని,
గుంటూరు